చలానా మీద కోర్టుకెళ్లే అమాయకులకు

ఓవర్ స్పీడ్ చలానా పడితే, "నేనంత స్పీడు వెళ్లనే లేదు, కోర్టులో తేల్చుకుంటా" అని ఆవేశపడేవాళ్లు హైదరాబాద్‌లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ చట్టాన్ని మరీ అంత మనసుకు పట్టించుకుంటే ఒంటికి మంచిది కాదని చెప్పడం సాటి పౌరుడిగా నా బాధ్యత.

వాదనలకేం, బోలెడున్నాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ అని ఒకటి 2021లో చేర్చారు. దాని ప్రకారం కెమెరాకి ఏటా రెన్యువల్ చేయించిన సర్టిఫికెట్ ఉండాలి, అక్కడ కెమెరా ఉందని బోర్డు కనబడాలి, 15 రోజుల్లో నోటీసు పంపాలి. ఫొటోలో మీ బండి పక్కనే ఇంకో కారుంటే, ఆ స్పీడు ఎవరిదో తేల్చమని పట్టుబట్టొచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 100 దాటకూడదన్న రోజుల్లో 115 దగ్గర దొరికినవాళ్లకైతే ఇంకా బలమైన పాయింటుంది. ప్రభుత్వమే 2023లో పరిమితిని 120కి పెంచింది కాబట్టి, తాము చట్టాన్ని మీరలేదనీ, కాస్త ముందుగా పాటించామనీ వాదించుకోవచ్చు.

"ఆ టైముకి నేనసలు అక్కడ లేను" అనే వాదన మాత్రం వద్దు. కోర్టు నమ్మినా, వెనక సీట్లో ఎవరున్నారో తేటతెల్లంగా కనిపిస్తున్న ఆ ఫొటోని ఇంట్లో ఇంకొకరు కూడా చూస్తారు. అక్కడి క్రాస్ ఎగ్జామినేషన్‌ని తట్టుకున్న లాయరు ఇంతవరకు పుట్టలేదు.

ఇప్పుడు లెక్కలోకొద్దాం. ఫైను వెయ్యి, యూజర్ చార్జీలు 35, మొత్తం 1,035. కోర్టుకెళ్తే లాయరు ఫీజు, సెలవు, పార్కింగు, మధ్యలో టీలు. అంతా చేసి గెలిస్తే మిగిలేది ఆ 1,035.

అదే ఏమీ చేయకుండా కూర్చున్నవాడి సంగతి చూడండి. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద ప్రభుత్వం బైకులకి 75 శాతం, కార్లకి 50 శాతం తగ్గించింది. చాలామంది తొందరపడి కట్టేశారు. ఓపిక పట్టినవాళ్లకి 2023 డిసెంబరులో బైకులకి 80, కార్లకి 60 శాతం తగ్గింపు దొరికింది. ఆలస్యం చేసేకొద్దీ తగ్గింపు పెరిగిందన్నమాట. ఆ గడువుని కూడా పొడిగించి, మళ్లీ పొడిగించి, 2024 ఫిబ్రవరి 15 దాకా తెచ్చారు. ఆషాఢం సేల్‌లో చీరలకైనా ఇంత దయ చూపించరు. బైకు మీదున్న 1,035 చలానా 207 రూపాయలకి దిగింది. ఏ లాయరు తెచ్చిపెట్టగలడండీ ఇంత ఉపశమనం?

అయితే కట్టకుండా ఉండటం అందరి వల్లా అయ్యే పని కాదు, దానికీ సాధన కావాలి. రోడ్డు చివర తెల్ల చొక్కా కనబడగానే పక్క గల్లీలోకి తిప్పుకోగలగాలి. దొరికితే, కానిస్టేబుల్ ట్యాబ్‌లో నంబరు కొట్టి స్క్రీన్ మీద వేలితో పైకి జరుపుతూ, జరుపుతూ, ఇంకా జరుపుతూ ఉంటే ముఖంలో ఏ భావమూ లేకుండా నిలబడాలి.

"ఎనిమిది చలాన్లున్నయి. ఎప్పుడు కడతవ్?"

"డిస్కౌంట్ ఎప్పుడొస్తది సార్?"

ఇది పొగరుగా అడిగిన ప్రశ్న కాదు. ప్రభుత్వం నేర్పిన ఆర్థికశాస్త్రాన్ని ఒక పౌరుడు శ్రద్ధగా వంటబట్టించుకున్నాడు, అంతే.

నాకు జాలి వేసేది మూడో రకం మనుషుల మీద. మెసేజ్ రాగానే నంబరు, ఫొటో చూసుకుని, తప్పు మనదేలే అనుకుని అక్కడికక్కడే ఫోన్లో 1,035 కట్టేసేవాళ్లు. కోర్టులో వీళ్లకి కేసుండదు, తగ్గింపు వచ్చినప్పుడు వీళ్లకి పెండింగుండదు. 207తో పోయేదానికి 828 ఎక్కువిచ్చారు. కనీసం ఆ 828ని విరాళంగా గుర్తించి ఒక రసీదైనా ఇవ్వాలని నా డిమాండు. ఆదాయపు పన్నులో 80జీ కింద మినహాయింపు అడుగుదామంటే, కొత్త పన్ను విధానంలో అదీ లేదట.