377లో ఎన్ని కేసులు అని అడిగేవాళ్లు 388 ఎప్పుడైనా తీశారా?

స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే చట్టాల మీద ఎక్కడ మాట వచ్చినా ఒక ప్రశ్న తప్పకుండా దిగుతుంది. "అసలు ఆ సెక్షన్ కింద జైలుకెళ్లింది ఎంతమంది? ఎవరూ వాడని చట్టం ఉంటే ఏంటి, పోతే ఏంటి?" టీకొట్టు దగ్గర మాటే అయితే వదిలేయొచ్చు. కానీ 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు కూడా ఇదే లెక్క చెప్పింది. సురేశ్ కుమార్ కౌశల్ కేసులో, నూటయాభై ఏళ్లకు పైగా కాలంలో ఐపీసీ (పాత భారత శిక్షాస్మృతి) 377వ సెక్షన్ కింద విచారణ ఎదుర్కొన్నవాళ్లు 200 మంది కూడా లేరని, వీళ్లు జనాభాలో అతి చిన్న భాగమని రాసి, పెద్దవాళ్ల ఇష్టంతో జరిగితే నేరం కాదని ఢిల్లీ హైకోర్టు 2009లో ఇచ్చిన మంచి తీర్పును పక్కకు నెట్టేసింది.

ఆ 200 తప్పో ఒప్పో తర్వాత సంగతి. పాలను గజంబద్దతో కొలిస్తే ఎంత వస్తుంది?

పాత ఐపీసీ పుస్తకం దగ్గరుంటే 388, 389 సెక్షన్లు తీయండి. బలవంతపు వసూళ్ల గురించిన భాగం అది. "ఫలానా నేరం చేశావని నీ మీద ఫిర్యాదు చేస్తా" అని భయపెట్టి డబ్బు గుంజితే 388. గుంజడానికి ఆ భయం పెట్టినా చాలు, 389. హత్య పేరు చెప్పి బెదిరించినా ఈ రెండింటిలో పదేళ్ల వరకే శిక్ష. ఆ వెంటనే ఒక తోక ఉంటుంది: బెదిరింపుకి వాడుకున్న నేరం 377 అయితే, బెదిరించినవాడికి యావజ్జీవం వేయొచ్చు. హత్య చేశావంటానని బెదిరిస్తే పదేళ్లు, మగాడితో పడుకున్నావంటానని బెదిరిస్తే యావజ్జీవం!

ఆ తోక ఊరికే రాలేదు. ఈ నింద వేస్తామని బెదిరించి డబ్బు లాగడాన్ని ఇంగ్లండ్ కోర్టులు పద్దెనిమిదో శతాబ్దంలోనే దారిదోపిడీ లాంటి నేరంగా చూశాయి. అంటే 1860లో మన శిక్షాస్మృతిని చట్టం చేసినవాళ్లకు 377 బయట ఏం పని చేస్తుందో బాగా తెలుసు. తెలిసే 377 అనే కత్తి పెట్టారు, పదకొండు సెక్షన్ల తర్వాత గాయానికి కట్టు కూడా పెట్టారు. ఆ కట్టు కట్టుకునే వీల్లేదు, అదే తమాషా. బాధితుడు స్టేషన్‌కి వెళ్లి "నామీద 377 కేసు పెడతానంటున్నాడు సార్" అనగానే అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఎందుకంటున్నాడు?" అక్కడితో సరి.

రుజువుల సంగతి ఇంకా దారుణం. 1884లో అలహాబాద్ హైకోర్టుకు వచ్చిన ఖైరాతీ కేసు చూడండి. ఆడవాళ్ల బట్టలు కట్టుకుని పాటలు పాడుతున్నాడని పోలీసులు పట్టుకున్నారు. సివిల్ సర్జన్‌తో ఒళ్లు పరీక్ష చేయించారు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్న మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. అయినా కింది కోర్టు శిక్ష వేసింది. ఆ మూడూ లేకుండా నేరమెలా అవుతుందని హైకోర్టు కొట్టేసింది. ఈ "ఒళ్లు పరీక్ష" ఫ్రెంచి డాక్టర్ తార్దియూ 1857లో రాసిన పుస్తకం నుంచి ఊపందుకుంది. వైద్యపరంగా దానికి విలువ లేదని ఎప్పుడో తేలింది, అయినా కొన్ని దేశాల పోలీసులు వదల్లేదు. కెన్యాలో అప్పీల్ కోర్టు 2018 మార్చిలో అది చట్టవిరుద్ధమని చెప్పాల్సి వచ్చింది.

2001 జులైలో లక్నోలో ఎయిడ్స్ నివారణ పని చేసే కార్యకర్తలను ఇదే 377 పెట్టి లోపలేశారు. దొరికిన "సాక్ష్యం" అవగాహన కోసం పంచే పుస్తకాలూ వస్తువులూ. బెయిల్ వచ్చేసరికి 47 రోజులు. ఆ 47 రోజులు శిక్షల పట్టికలో ఏ గడిలో వేస్తారు?

ఇక "మన సంస్కృతి" గోల. ఇంగ్లండ్‌లో ఎనిమిదో హెన్రీ 1533లో చేసిన చట్టం మన 377కి ముత్తాత. ఫ్రాన్స్ 1791లోనే ఈ నేరాన్ని శిక్షాస్మృతిలోంచి తీసేసింది. దాని ఫలితం మన గోదావరి జిల్లాలోనే ఉంది: బ్రిటిష్ కాకినాడలో యావజ్జీవం దాకా పడే నేరం, గంట ప్రయాణంలో ఉన్న ఫ్రెంచి యానాంలో పెద్దవాళ్ల ఇష్టంతో జరిగితే నేరమే కాదు. రెండు ఊళ్లలోనూ అదే తెలుగు, అవే పండగలు. మరి సంస్కృతి మధ్యలో ఏ పొలిమేర దగ్గర మారినట్టు?

అదే 377 నంబరు పాకిస్తాన్, బంగ్లాదేశ్, మయన్మార్‌లలో ఇప్పటికీ ఉంది. మలేషియాలో ఇరవై ఏళ్ల జైలు, బెత్తం దెబ్బలు. అక్కడ అన్వర్ ఇబ్రహీంను రెండుసార్లు రాజకీయంగా పడగొట్టడానికి ఉపయోగపడింది ఈ నేరారోపణే. ఇప్పుడాయన ప్రధాని, సెక్షన్ మాత్రం అలాగే ఉంది. శ్రీలంక 1995లో సవరణ తెచ్చి, అప్పటిదాకా మగవాళ్లకే పరిమితమైన అక్కడి ఇలాంటి సెక్షన్ 365ఎను ఆడవాళ్లకూ వర్తింపజేసింది. సమానత్వం అంటే అదీ! సింగపూర్ 2007లో 377ను తీసేసి, మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేస్తూ 1938లో చేర్చిన 377ఎను ఉంచుకుంది. "పుస్తకంలో ఉంచుతాం, మేమై మేం వాడం" అంది. బ్లాక్‌మెయిల్ చేసేవాడికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఉంటుందా? పోలీసు వాడకపోతే వాడికేం, చట్టం ఉందన్న ఒక్క మాట చాలు. చివరికి 2023 జనవరిలో అదీ పోయింది.

అన్నీ బ్రిటిష్ ఖాతాలో వేయడమూ కుదరదు. ఇరాక్ 2024 ఏప్రిల్‌లో పది నుంచి పదిహేనేళ్ల శిక్ష కొత్తగా రాసుకుంది. ఒకప్పటి ఫ్రెంచి వలస బుర్కినా ఫాసో 2025 సెప్టెంబర్‌లో ఇంతకుముందు లేని నేరాన్ని తెచ్చింది. ట్రినిడాడ్‌లో 2018లో హైకోర్టు కొట్టేసిన సెక్షన్‌ను 2025 మార్చిలో అప్పీల్ కోర్టు శిక్ష తగ్గించి మళ్లీ నిలబెట్టింది. ఉగాండా 2023 చట్టంలో కొన్ని సందర్భాలకు ఉరిశిక్ష ఉందని అందరూ రాశారు. నన్ను ఆపింది మాత్రం ఇల్లు అద్దెకిచ్చినవాళ్లనూ నేరస్తులను చేసిన క్లాజు, తెలిసి చెప్పకపోతే నేరమన్న క్లాజు. 2024 ఏప్రిల్‌లో అక్కడి రాజ్యాంగ కోర్టు ఈ రెండూ తీసేసి మిగతా చట్టాన్ని చాలావరకు ఉంచింది. ఇంటి ఓనరు కోర్టు తీర్పు చదివి తాళం ఇస్తాడా? ఖాళీ చేయించేదేదో ముందే చేయించాడు.

ఈజిప్టులో అయితే చట్టంలో ఆ మాటే లేదు. 1961 నాటి వ్యభిచార నిరోధక చట్టంలో "దుర్నడత" అనే పదం పట్టుకుని మూడేళ్ల దాకా వేస్తారు. పోలీసులే డేటింగ్ యాప్‌లో దొంగ ప్రొఫైల్ పెట్టి పిలుస్తారు, ఫోన్లో చాట్‌లే కేసు. "నేరంగా ఉన్న దేశాలు" అని రంగులు వేసే మ్యాపులు ఒకదానితో ఒకటి కలవకపోవడానికి కారణం ఇలాంటి దేశాలే.

గల్ఫ్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి వెళ్లినవాళ్లు అక్కడే ఉన్నారు. కువైట్‌లో 1960 శిక్షాస్మృతి 193వ అధికరణం: ఇద్దరూ 21 దాటి, ఇష్టపడ్డా సరే మగవాళ్ల మధ్య ఏడేళ్ల దాకా. ఒమన్‌లో ఆర్నెల్ల నుంచి మూడేళ్లు. సౌదీలో దీనికి ఇంత అని రాసిన స్మృతి లేదు, జడ్జి విచక్షణ. ఇక్కడ ఆగి ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఇండియాలో బ్లాక్‌మెయిల్ జరిగితే స్టేషన్‌కి వెళ్లమంటాం. అక్కడ వెళ్తే ఫిర్యాదుదారుడిగా లోపలికెళ్లి నిందితుడిగా మిగలొచ్చు. అందులోనూ ఖల్లివల్లి అయ్యి (యజమానిని వదిలేసి) అకామా (నివాస అనుమతి) లేకుండా తిరిగేవాడైతే చెప్పక్కర్లేదు. కాబట్టి అక్కడ ముందు మన ఎంబసీ, లేదా ఇంటి దగ్గరున్నవాళ్ల ద్వారా విదేశాంగ శాఖ మదద్ పోర్టల్. అరెస్టయితే ఎంబసీకి కబురు పంపమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందంలో ఉంది, అది నోరు తెరిచి అడగాలి. కేసు కొట్టేయించడం ఎంబసీ చేతుల్లో ఉండదు. లాయర్ల జాబితా ఇస్తుంది, జైల్లో కలుస్తుంది. చదవలేని అరబిక్ కాగితం మీద సంతకం పెట్టకపోవడం అన్నిటికన్నా ముఖ్యం.

హైదరాబాద్ వాళ్లకు ఇంకొకటి. 377 గురించి అందరికీ తెలుసు, 1329 ఫసలీ చట్టం గురించి ఎంతమందికి తెలుసు? నిజాం కాలంలో, 1919లో, నగరంలోని హిజ్రాల పేర్లతో రిజిస్టర్ పెట్టమన్న చట్టం. పేరెక్కినవాళ్లు ఆడబట్టల్లో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా, వారెంటు లేకుండా అరెస్టు, రెండేళ్ల దాకా జైలు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో! పెద్దవాళ్ల ఇష్టంతో జరిగితే 377 వర్తించదని సుప్రీంకోర్టు చెప్పిన నవతేజ్ సింగ్ జోహార్ తీర్పు వచ్చి అప్పటికి ఐదేళ్లు కావొస్తోంది.

2018 సెప్టెంబర్ 6 తర్వాత ఇక్కడ ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టం నేరం కాదు. బెదిరింపు మాత్రం ఆగలేదు. ఇప్పుడు "స్టేషన్లో చెప్తా" బదులు "మీ నాన్నకి వీడియో పంపిస్తా". యాప్‌లో పరిచయం, గదికి పిలవడం, మధ్యలో ఇంకో ముగ్గురు దిగడం, ఫోన్‌పే పాస్‌వర్డ్ అడగడం, ఇదీ వరస. ఇలా జరిగితే పనికొచ్చేవి కొన్ని చెప్తాను. మొదటిసారి డబ్బిస్తే రెండోసారి మొత్తం పెరుగుతుంది, తగ్గదు. సిగ్గుతో చాట్ డిలీట్ చేయడం, ఫోన్ రీసెట్ కొట్టడం అందరూ చేసే తప్పు. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోన్ ఉంటేనే పని సాఫీగా సాగుతుంది. డబ్బు వెళ్లిపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, అవతలి ఖాతాలోంచి తీసేలోపే ఆపగలరు. ఫిర్యాదులో "బలవంతపు వసూలు, బీఎన్ఎస్ 308" అని స్పష్టంగా రాయండి (బీఎన్ఎస్ అంటే ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత). మీరు ఎవరితో ఏ ఉద్దేశంతో కలవబోయారన్నది ఆ నేరానికి అవసరమైన అంశం కాదు, వివరించక్కర్లేదు. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా నమోదు చేసేది) అడగండి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి, ఇది మరిచిపోతే ఫిర్యాదు పోయినట్టే. తీసుకోనంటే ఎస్పీకి పోస్టులో పంపడం, ఆ తర్వాత మేజిస్ట్రేట్. "ఇంట్లోవాళ్లను పిలిపిస్తాం" అని స్టేషన్లో అంటే, మీరు మేజరు, ఫిర్యాదుదారు, అంతే.

ఈ దోపిడీల్లో కొన్నిసార్లు కొట్టడంతో ఆగదు. అక్కడ చట్టం చేతులెత్తేసింది. 2018 తీర్పు 377ను మొత్తం తీయలేదు, ఇష్టం లేకుండా జరిగినదానికి అది మిగిలే ఉంది. 2024 జులై 1న బీఎన్ఎస్ వచ్చినప్పుడు ఆ మిగిలిందీ పోయింది. దాన్ని ఉంచమని పార్లమెంటరీ స్థాయీ సంఘం ముందే రాసింది, వినలేదు. అత్యాచారం 63వ సెక్షన్‌లో బాధితురాలు స్త్రీ మాత్రమే, 64లో కనీస శిక్ష పదేళ్లు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తి మీద లైంగిక దాడికి 2019 చట్టంలో ఆర్నెల్ల నుంచి రెండేళ్లు. మేజరైన మగాడికి ఏమీ లేదు, గాయపరచడం 115, నిర్బంధించడం 127 పెట్టి సర్దుకోవాలి. అదే బీఎన్ఎస్‌లో ఆత్మరక్షణ గురించిన 38వ సెక్షన్ మాత్రం పాత ఐపీసీ మాటల్నే మోసుకొచ్చింది: "ప్రకృతి విరుద్ధమైన కామం" తీర్చుకోవడానికి మీద పడ్డవాణ్ని చంపినా హక్కే. చంపగలిగితే సెక్షన్ ఉంది. చంపలేక, బతికి, మర్నాడు స్టేషన్‌కి వెళ్తే రైటర్ రాసుకోవడానికి నంబరు లేదు.