ముందే చేరామట!

"నిర్ణీత సమయం కంటే ఇరవై నిమిషాలు ముందే దిగాం" అని విమానంలో ప్రకటన రాగానే జనం మురిసిపోతారు. ఆ సమయం నిర్ణయించింది ఎవరు? విమాన సంస్థే. టైం టేబుల్ రాసేదీ తనే, దాన్ని చూపించి మార్కులు కొట్టేసేదీ తనే. పరీక్ష రాసేవాడి చేతికే ప్రశ్నపత్రం తయారీ అప్పగిస్తే ఫస్ట్ క్లాసు రాక ఏమవుతుంది?

న్యూయార్క్, లండన్ మధ్య దూరం దాదాపు 5,550 కిలోమీటర్లు. అది పెరిగేది కాదు, తరిగేదీ కాదు. జెట్ విమానం గంటకు 850 నుంచి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. మారేది గాలి. చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వేగంగా వీచే గాలి, అంటే జెట్ స్ట్రీమ్, తోడైతే లండన్ వెళ్లడానికి పట్టే సమయం తిరుగు ప్రయాణం కన్నా గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. 2020 ఫిబ్రవరిలో ఓ బోయింగ్ 747 తుపాను గాలిని అందుకుని 5 గంటల్లోపే చేరిపోయింది. 2022లో రష్యా గగనతలం మూసుకుపోయాక 9 గంటల హెల్సింకి–టోక్యో ప్రయాణం 13 గంటలైంది. ఇవన్నీ కళ్లకు కనిపించే కారణాలు, వీటితో మాకు పేచీ లేదు. ఏ కారణమూ చెప్పకుండా గుట్టుగా కలిపేసే నిమిషాలతోనే పేచీ.

టికెట్ మీద ఉండేది ఎగిరే సమయం కాదు, బ్లాక్ టైమ్. ఇక్కడ విమానం కదిలిన క్షణం నుంచి అక్కడ ఆగేదాకా అన్నమాట. రన్‌వే కోసం క్యూ, దిగే ముందు చక్కర్లు అన్నీ అందులోనే. దాని మీద ఇంకాస్త కలిపితే ప్యాడింగ్. అమెరికాలో 1987 నుంచి పెద్ద సంస్థలు ఆలస్యాల లెక్క ప్రభుత్వానికి చెప్పాలి, కానీ 15 నిమిషాల లోపు ఆలస్యం అక్కడ ఆలస్యమే కాదు. అంటే తాము కలుపుకున్నది ఒకటి, పైన ఉచితంగా దొరికిన పావుగంట ఒకటి. ఇంత చేసినా టైంకి రాలేని సంస్థలున్నాయి, అది వేరే సంగతి.

పోనీ నిజంగానే ముందు చేరితే ఒరిగేదేమిటి? గేటు ఖాళీ ఉండదు. సీటు బెల్టు తీయొద్దంటారు, ఫోన్లు మోగుతుంటాయి, తలుపు తెరుచుకోదు.

రద్దీ పెరిగిందని, కాస్త వెసులుబాటు లేకపోతే కనెక్టింగ్ ఫ్లైట్లు తప్పిపోతాయని సంస్థలు అంటున్నాయి. నిజమే కావచ్చు. అయితే ఆ మాట టికెట్ మీద రాయొచ్చుగా! ఎగిరే సమయం ఇంత, నేల మీద ఇంత, మేం కలుపుకున్నది ఇంత అని మూడు అంకెలు వేయడానికి ఏం అడ్డొచ్చింది? ఆలస్యాన్ని తగ్గించకుండా గడియారాన్ని సాగదీసిన సంస్థకు సమయపాలన ర్యాంకు ఇస్తే, పక్క సంస్థ కూడా రేపు అదే చేస్తుంది. నిజాయితీగా తక్కువ సమయం రాసినవాడే పట్టికలో అడుగున మిగులుతాడు.

స్టాండ్ వదిలింది ఎప్పుడు, నేల విడిచింది ఎప్పుడు, నేల తాకింది ఎప్పుడు, మళ్లీ ఆగింది ఎప్పుడు? ఆధునిక విమానం ఈ నాలుగూ తనంతట తానే నమోదు చేస్తుంది. సమయపాలన మాత్రం విమాన సంస్థలు రాసిచ్చిన టైం టేబుల్‌తో పోల్చే కొలుస్తున్నారు. ర్యాంకులు ప్రకటించే ముందు ఆ నాలుగు అంకెలు ఒక్కసారి చూడండి. చూసే ఓపిక లేకపోతే ర్యాంకులివ్వడం మానేయండి.