బావగారి బంపరు, పిన్నిగారి వడియాలు

కారు కొత్తగా ఉన్నప్పుడు ఎవరి కంటా పడని భాగాలు కొన్ని ఉంటాయి. బంపరు కింది నల్లటి అంచు, తలుపుల మీద అడ్డంగా పోయే పట్టీ, చక్రాల మీది వంపులు, వైపర్ల కింద ఉండే చిల్లుల పలక. ఇవన్నీ రంగు వేయని ప్లాస్టిక్కు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి దాని పైపొరను తింటూ పోతే నలుపు కాస్తా బూడిదరంగులోకి దిగుతుంది. ఇక అప్పటినుంచి కారు మొత్తం మీద ఆ భాగాలే కనబడతాయి. విశాఖపట్నంలో, షెడ్డు లేని ఇంటి ముందు, పడమటి ఎండకు నిలబెట్టిన కారైతే ఈ ముసలితనం మరికాస్త తొందరగా వస్తుంది.

మా బావగారి కారుకు వచ్చింది. నెలనెలా క్రమం తప్పకుండా తన తలకు నలుపు పట్టించే మనిషి, తన కారు నెరిసి ఊరంతా తిరుగుతుంటే ఎలా ఊరుకుంటారు? మెకానిక్కు చెప్పిన ధర విని, "ఆ డబ్బుకు తలుపే కొత్తది వస్తుంది" అని (రాదు) ఇంట్లోనే వేయడానికి నిశ్చయించారు. ఉగాదికి ముందు ఆదివారం పొద్దున్నే నాకు ఫోను. "ఏమోయ్, ఊరికే వచ్చి నిలబడితే చాలు" అన్నారు. అక్క మొగుడు ఊరికే నిలబడమన్నప్పుడల్లా నా చొక్కా ఒకటి పాడవుతుంది. పాతది వేసుకుని వెళ్లాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. బావగారు చేతకాని మనిషి కారు. ఈ ప్లాస్టిక్కుకు మామూలు రంగు పట్టదని, నాలుగు వానలు పడితే పొరలుగా లేచిపోతుందని తెలుసుకుని ప్లాస్టిక్ ప్రైమరు తెప్పించారు. సబ్బునీళ్లతో కడిగారు. నీళ్లు చల్లుతూ వాటర్ పేపరుతో రుద్దారు. ఆరాక స్పిరిటుతో తుడిచారు. వేలితో తాకబోతే నా చేతి మీద కొట్టారు, చర్మం జిడ్డు అంటుకుంటే రంగు నిలవదట. గుళ్లో పూజారి కూడా విగ్రహాన్ని అంత మడిగా చూసుకోడు. వచ్చిన చిక్కల్లా ఆ శ్రద్ధతోనే. ఏడింటికి మొదలైన పని పదిన్నరకు కూడా తుడవడంలోనే ఉంది.

అందులో గంట మాత్రం పాత పేపర్లది. అద్దాలకూ తలుపులకూ మాస్కింగు టేపుతో పేపర్లు అంటించాలి కదా. తెలుగువాడి చేతికి పాత పేపరు ఇచ్చి చదవకుండా అంటించమనడం అన్యాయం. ఒక్కో కాగితానికీ బావగారు ఆగి, రెండేళ్ల కిందటి రాజకీయాల మీద కొత్తగా కోపం తెచ్చుకుని, అప్పుడు అంటించేవారు. ఇంతలో ఎదురింటి పెద్దాయన వచ్చారు. రవాణా శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ముందు అద్దం మీద సగం నింపి వదిలేసిన గళ్ల నుడికట్టు ఆయన కంట పడింది. జేబులోంచి పెన్ను తీసి, బానెట్ మీదికి వంగి, "అడ్డం ఏడు చూడండి, నాలుగక్షరాలు" అన్నారు.

అది తేలాక ఆయనకు అసలు విషయం గుర్తొచ్చింది.

"రంగు మారుస్తున్నారా? ఆర్సీలో నమోదు చేయించాలి. మోటారు వాహనాల చట్టం, 1988. సెక్షన్ 52."

"మార్చడం లేదండీ. నలుపు మీద నలుపే వేస్తున్నాను."

ఆయన ఒంగి బంపరును పరీక్షగా చూశారు. "ఇప్పుడున్నది బూడిదరంగు కదా?"

బావగారు జవాబు చెప్పకుండా స్ప్రే డబ్బా తీసి ఊపడం మొదలుపెట్టారు. లోపల గోలీ కదిలాక మరో రెండు నిమిషాలు ఊపాలని డబ్బా మీద రాసి ఉంది. టకటకమని ఆ చప్పుడు వినగానే పై వాటాలో పొద్దుటినుంచీ ఏడుస్తున్న పసిబిడ్డ ఠక్కున ఊరుకుంది. ఊపడం ఆపితే మళ్లీ రాగం. "అన్నయ్యగారూ, కాస్త ఊపుతూ ఉండండి, నిద్రపోతోంది" అని బాల్కనీలోంచి తల్లి వేడుకుంది. బిడ్డ పడుకునేసరికి పదకొండు దాటింది. ఆ డబ్బాలో రంగు కలిసినంత బాగా భూమ్మీద ఏ డబ్బాలోనూ కలిసి ఉండదు.

సముద్రపు ఒడ్డున కాపురముండే వాళ్లకు తెలియని విషయం కాదు. పొద్దెక్కి నేల వేడెక్కితే అక్కడి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వచ్చి పడుతుంది. ఏడింటికి ఆకు కదలని వీధిలో పదకొండింటికి తోరణాలు ఊగుతాయి. ప్రైమరు ఎలాగో పడింది. నలుపు మొదలుపెట్టాక చూడాలి. బావగారు డబ్బాను జానెడు దూరంలో పట్టుకుని, ఎడమనుంచి కుడికి, ఎక్కడా ఆగకుండా, పలచగా కొడుతున్నారు. చేయి తిరిగిన పనివాడు కూడా వంక పెట్టలేడు. కానీ ఆ జానెడు దూరం దాటేలోగా రంగులో సగం కారును వద్దనుకుని గోడవైపు వెళ్లిపోతోంది.

"దుప్పటి!" అని కేక వేశారు. అక్క బీరువాలో ఉన్నవాటిలో పాతది వెదుకుతుండగా ఈయన దండెం మీద ఉన్న కొత్త కలంకారీ దుప్పటి లాగేశారు. ఒక కొస నేను, ఇంకో కొస వీధి చివర ఇస్త్రీ బండి అతను. అతనికి ఈ విద్య మీద చాలా అభిప్రాయాలున్నాయి. "బ్రష్షుతో కొట్టేస్తే ఈపాటికి అయిపోయేది సార్" అని ప్రతి పూతకూ ఒకసారి అన్నాడు. గాలి ఒక విసురు విసిరేసరికి దుప్పటి మా చేతుల్లోంచి ఎగిరి, తడి ఆరని తలుపు పట్టీని నిండుగా కౌగిలించుకుంది. విడదీశాక దుప్పటి మీద పట్టీ, పట్టీ మీద నేత గళ్లు స్పష్టంగా కనబడ్డాయి. అక్క ఏమీ అనలేదు. అది ఎప్పుడూ మంచి సూచన కాదు.

అప్పుడే తలెత్తి చూశాం. కారు నిలబెట్టింది వేపచెట్టు కింద, నీడగా ఉంటుందని. ఉగాది ముందు వేపచెట్టు ఏం చేస్తుందో మూడో తరగతి పిల్లవాడైనా చెబుతాడు. ఆ గాలికి పువ్వంతా సన్నగా జల్లులా రాలి బంపరు మీద వాలింది, వాలినది వాలినట్టే అతుక్కుంది. బావగారు పట్టకారుతో ఒక్కో పువ్వూ తీస్తూ కూర్చున్నారు. "వదిలేయండి, మామిడిముక్క, బెల్లం తెచ్చి పెడతాను" అంది అక్క. అదే ఆవిడ మొదటి మాట.

ఇంతలో గోడ అవతలినుంచి పక్కింటి పిన్నిగారి గొంతు. "ఏమర్రా, నేను సగ్గుబియ్యం వడియాల్లో జీలకర్ర వేయనే లేదే?"

గోడ మీదుగా తొంగిచూశాం. నవారు మంచం మీద పాత పంచె, దాని మీద వరసలు తీర్చిన తెల్లటి వడియాలు, వాటి మీద సన్నటి నల్ల చుక్కలు. ఎంత సమానంగా పడ్డాయంటే, బావగారు ఉదయంనుంచి బంపరు మీద సాధించాలనుకున్నది అదే. ఆవిడ ఒకటి తీసి నోటి దగ్గరకు తీసుకెళుతుంటే ఇద్దరం ఒకేసారి "వద్దు!" అని అరిచాం. పై వాటాలో బిడ్డ లేచింది.

శిక్ష అక్క వేసింది. మరుసటి ఆదివారం బావగారు సగ్గుబియ్యం ఉడకబెట్టి, పిన్నిగారి మంచం మీద వడియాలన్నీ మళ్లీ తానే పెట్టారు. ఆవిడ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని, "పలచగా, నాయనా, పలచగా. ఒకచోట కుప్ప పోయకు" అని చెబుతూనే ఉన్నారు.

కారు సంగతి అంటారా? 400 మిల్లీలీటర్ల డబ్బాలో గోడకు, దుప్పటికి, వడియాలకు పోగా మిగిలినది ఎడమవైపుకు సరిపోయింది. దుకాణంలో అదే మెరుపులేని నలుపు అయిపోయింది, తళతళలాడే నలుపే ఉందన్నారు. ఎడమ పక్క మెరుపులేనిది, కుడి పక్క మెరిసేది ఎలా వేస్తాం? సరుకు వచ్చేదాకా బావగారు కారు నిలిపే పద్ధతి మార్చుకున్నారు. ఎక్కడికి వెళ్లినా ఎడమవైపు జనానికి, కుడివైపు గోడకు. మొన్న పెళ్లికి వెళ్తే కల్యాణ మండపం వాచ్‌మన్ ఈల ఊది, "ఇటు తిప్పి పెట్టండి సార్" అని అటువైపు చూపించాడు. బావగారు అద్దం దించి అతనితో పావుగంట వాదించారు. ముహూర్తం దాటిపోతోందని మేము దిగి వెళ్లిపోయాం. తలంబ్రాలు అయ్యాక వచ్చారు, మొహం వెలిగిపోతూ. గోడ దొరికిందట.