బరంపురంలో మనకు నోరు లేదట!

ఒడిశాలోని మా బరంపురంలో పది రోజులుగా ఒకే సందేశం మా ఇంటి ఫోన్లకు తిరిగి తిరిగి వస్తోంది. మొదట మేనల్లుడు పంపాడు. తర్వాత చుట్టాల గ్రూపులో కనిపించింది. నిన్న పాలు పోసే అబ్బాయి కూడా ఫోను నా ముఖానికి ఎదురుగా పెట్టి, "ఇది నిజమేనా మాస్టారూ?" అని అడిగాడు. గుమ్మంలో నిలబడి చెప్పగలిగినంత చెప్పాను. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

"బరంపురం తెలుగువారికి ముఖ్య గమనిక" అని మొదలయ్యే ఆ సందేశం చెప్పేది ఇది. ఇది మనకు పరాయి ఊరు, ఒడియావారి కార్పొరేషన్ కాబట్టి తెలుగులో అర్జీ ఇస్తే చెల్లదు. ఓటు వేశాక ఐదేళ్లపాటు మనకు చట్టంలో ఏ చోటూ లేదు. వీధిలో ఏది చెడినా జవాబు చెప్పాల్సింది కార్పొరేటర్ ఒక్కడే. హోల్డింగ్ ట్యాక్స్, అంటే ఇంటి ఆస్తిపన్ను, కట్టడం ఆపేస్తే అందరూ దారికి వస్తారు. హద్దుకు అవతల, ఆంధ్రలోని ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో సొంత ఇల్లు ఉన్నవాళ్లు రెండు చోట్లా ఓటు ఉంచుకోవచ్చు, రెండు రాష్ట్రాల తగాదాలో ఉన్న కొటియా ఊళ్లవాళ్లకు లేవా? చివర మామూలుగానే, పదిమందికి పంపమని వేడుకోలు.

పచ్చి అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇందులో కాస్త నిజం కలిపారు. పాలలో నీళ్లు కలిపినట్టు కాదు, నీళ్లలో పాలు కలిపినట్టు. అందుకే తెల్లగా కనిపిస్తోంది.

ముందు భాష సంగతి. రాజ్యాంగం 350వ అధికరణం ఒక్క వాక్యమే. తన బాధ తీర్చమని కేంద్రానికి గాని రాష్ట్రానికి గాని చెందిన ఏ అధికారికైనా, కేంద్రంలో లేదా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందని దాని అర్థం. ఒడిశాలో తెలుగు వాడుకలో లేదని అనగలిగినవాళ్లు ఒక్కసారి పెద్దబజారులో నడిచి చూడాలి. కలెక్టరు రాష్ట్ర అధికారి. కార్పొరేషన్ కమిషనరు కూడా ప్రభుత్వం నియమించే అధికారే, మనం ఎన్నుకున్న మనిషి కాదు. కాబట్టి తెలుగు అర్జీ చెల్లదన్న మాట తప్పు.

అయితే అందులో ఉన్న పాల చుక్క కూడా చెప్పాలి. అర్జీ మన భాషలో ఇవ్వవచ్చని ఆ అధికరణం అంటుంది గాని జవాబు కూడా మన భాషలోనే రావాలని అనదు. సమాచార హక్కు దారి మరీ వేరు. 2005 చట్టం ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలి. ఇక్కడ అది ఒడియా. తెలుగులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, తిప్పి పంపారని తిట్టుకుంటే తప్పు మనదే అవుతుంది. రాయలేనివారు నోటితో చెబితే దాన్ని కాగితం మీద పెట్టడానికి సాయం చేయాల్సిన బాధ్యత సమాచార అధికారిదని అదే చట్టంలో ఉంది. రుసుము పది రూపాయలు, గడువు 30 రోజులు. ఎందుకు అడుగుతున్నావని అడిగే అధికారం వాళ్లకు లేదు.

ఇంకో ఏర్పాటు మనలో చాలామందికి తెలియదు. ఒక జిల్లాలోనో పురపాలక సంఘంలోనో భాషా అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన నోటీసులు వాళ్ల భాషలోనూ వేయాలని 1956 నాటి కేంద్ర మెమొరాండం, 1961 ముఖ్యమంత్రుల సమావేశం ఒప్పుకున్నాయి. ఇది రాజ్యాంగం రాసిచ్చిన హక్కు కాదు, ప్రభుత్వాలు ఇచ్చిన మాట. మాట ఇచ్చినవాణ్ణి అడగడం తప్పేమీ కాదు కదా. అడగడానికి భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు అని 350-బి అధికరణం కింద ఒక పదవి కూడా ఉంది.

"పరాయి ఊరు" అన్న మాట మీద ఒక ముక్క. ఈ ఊరి పురపాలక సంఘం 1867లో పుట్టింది. అప్పటికి ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేనాటికి ఈ సంఘానికి 69 ఏళ్లు. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరి పుట్టింది ఇక్కడే. ఇదంతా జబ్బలు చరుచుకోవడానికి చెప్పడం లేదు. మా వీధిలో ఒడియా ఇళ్లూ తెలుగు ఇళ్లూ ఒకే కాలువ పక్కన ఉన్నాయి, దోమలు రెండు భాషలవారినీ కుడుతున్నాయి. సందేశం రాసిన మహానుభావుడు కాలువ గురించి రాయబోయి, భాషల తగాదా రాశాడు.

ఇక ఐదేళ్ల మౌనవ్రతం. 2011 జనాభా లెక్కల్లో బరంపురం కార్పొరేషన్ జనాభా 3,56,598. ఈ అంకె ముఖ్యం. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణలోని 243-ఎస్ అధికరణం మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఏర్పాటు చేసి తీరాలంటుంది. ఒక్కో వార్డుకు ఒకటి ఉండవచ్చు, కొన్ని వార్డులకు కలిపి ఒకటి ఉండవచ్చు. ఒకే వార్డు అయితే ఆ కార్పొరేటరే అధ్యక్షత వహించాలి. మిగతా వివరాలన్నీ రాష్ట్ర చట్టానికి వదిలారు. చిక్కంతా అక్కడే ఉంది. దేశంలో చాలా పట్టణాల్లో కాగితం మీది కమిటీకీ కూర్చుని మాట్లాడుకునే కమిటీకీ చాలా దూరం. "వార్డు కమిటీ బలహీనం" అని రాసి ఉంటే ఒప్పుకునేవాణ్ణి. "చట్టంలో చోటే లేదు" అనడం అబద్ధం. మన వార్డు కమిటీ సభ్యులు ఎవరు, కిందటిసారి ఎప్పుడు కూర్చున్నారు, ఏం తీర్మానించారు అన్న మూడు ప్రశ్నలతో పది రూపాయల దరఖాస్తు పెట్టవచ్చు. ఆ దరఖాస్తు నలుగురు పెడితే కమిటీకి నిద్రమత్తు వదులుతుంది.

జనన, మరణ ధ్రువపత్రాల వంటి వాటికి 2012 నాటి ఒడిశా ప్రజాసేవల హక్కు చట్టం ఉంది, 2013 మొదలు నుంచి అమల్లో ఉంది. ఎన్ని రోజుల్లో ఇవ్వాలో ముందే ప్రకటించాలి. గడువు దాటితే పై అధికారికి అప్పీలు. కలెక్టరు, ఎస్పీ కలిసి కూర్చుని ఫిర్యాదులు వినే జాయింట్ గ్రీవెన్స్ సాధారణంగా సోమవారాల్లో జరుగుతుంది. ఫిర్యాదు ఫోను లోంచే పెట్టుకోవడానికి జన సునాని పోర్టల్ ఉంది. ఇన్ని తలుపులు పెట్టి ఉంచితే గోడ మాత్రమే కనిపించిందంటే నేనేం చేయను?

ఒకటి మాత్రం మనల్ని మనం అడుక్కోవాలి. కౌన్సిలు గడువు ముగియకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243-యు అధికరణం చెబుతుంది. అయినా ఇక్కడ పాత కౌన్సిలు గడువు 2018లో ముగిస్తే మళ్లీ పోలింగు జరిగింది 2022 మార్చి 24న. మధ్యలో మూడేళ్లకు పైగా ఎన్నికైన కౌన్సిలు లేదు. అప్పుడు ఈ గ్రూపుల్లో ఎవరైనా "మా కార్పొరేటర్ ఏడి?" అని అడిగారా? నేనూ అడగలేదు. ఆ ఎన్నికల్లో మొదటిసారిగా మేయరును కూడా మనమే నేరుగా ఎన్నుకున్నాం, మేయరుకొకటి, కార్పొరేటరుకొకటి చొప్పున ఒక్కొక్కరం రెండేసి ఓట్లు వేశాం. ఈ కౌన్సిలు ఐదేళ్లు 2027లో నిండుతాయి.

సందేశంలో కార్పొరేటర్ అన్న ప్రతి చోటా "అతను", "వాడు". ఒడిశాలో పట్టణ సంస్థల స్థానాల్లో సగం మహిళలకు రిజర్వు. అంటే సగం చోట్ల "ఆమె". మహిళ గెలిచిన వార్డులో ఆమె భర్తకు నమస్కారం పెట్టి అర్జీ చేతిలో పెట్టి వచ్చే అలవాటు మనది. సంతకం పెట్టే అధికారం ఎవరిదో వాళ్లకే కాగితం ఇవ్వాలి.

"ఏది చెడినా కార్పొరేటరే" అన్న మాట దగ్గర నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్పుకోవాలి. నాలుగేళ్ల కిందట మా సందు చివర, పెద్దరోడ్డులో కలిసేచోట ఒక గొయ్యి పడింది. నీట్‌గా అర్జీ రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. బల్ల దగ్గరున్నాయన చదివి, పక్కన పెట్టుకున్నాడు. నేను ఇంటికి వచ్చి కాఫీ తాగాను. నెల తర్వాత వెళ్తే, ఏ తేదీన ఇచ్చారు, డైరీ నంబరు ఎంత అని అడిగారు. నా దగ్గర నా మాట తప్ప మరేమీ లేదు. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవడం ముప్పై ఏళ్లు బడిపిల్లలకు సెలవు చీటీలు రాయించిన నాకు తట్టలేదు. దానికి తోడు ఆ రోడ్డు ఆ ఆఫీసుది కానే కాదు. అది రాష్ట్రం చేతిలోని రోడ్ల విభాగానిది. తప్పు ఆఫీసుకు, రసీదు లేకుండా అర్జీ ఇచ్చి, ఒక నెల పాటు దేశాన్ని తిట్టాను.

కాబట్టి ఏది ఎవరిదో తెలుసుకోకుండా కార్పొరేటర్ మీద పడడం వల్ల పని జరగదు. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు ఇవ్వదగ్గవని 18 పనులు రాశారు. నీళ్లు, పారిశుద్ధ్యం, వీధిదీపాలు, శ్మశానాలు, జనన మరణాల నమోదు అందులో ఉన్నాయి. కాని రాష్ట్రం వాటిని "ఇవ్వవచ్చు" అని రాశారు, "ఇవ్వాలి" అని కాదు. ఆ ఒక్క మాట మన కుళాయి దాకా వచ్చింది. బరంపురంలో తాగునీటి పైపుల పని చాలాకాలం రాష్ట్ర ప్రజారోగ్య ఇంజినీరింగ్ విభాగమే చూసింది. కరెంటు స్తంభం ఒరిగితే 2021 జనవరి నుంచి టాటా పవర్ దక్షిణ ఒడిశా పంపిణీ సంస్థకు చెప్పాలి, దాని ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. ఊరి పక్క నుంచి పోయే 16వ జాతీయ రహదారి కేంద్రం చేతిలోది. స్టేషను రైల్వేది. కార్పొరేటర్ వీటిలో దేనికీ యజమాని కాదు. కౌన్సిలులో లేచి అడగగలరు, లేఖ రాయగలరు. అది చేయించుకోవడం మన పని.

హోల్డింగ్ ట్యాక్స్ ఎగ్గొట్టమన్న సలహా మాత్రం నాకు నిజంగా కోపం తెప్పించింది. 2021 నుంచి 2026 వరకు పట్టణాలకు, కేంద్ర నిధుల పంపకం సూచించే 15వ ఆర్థిక సంఘం సిఫార్సు చేసిన గ్రాంటుకు షరతులు ఉండేవి. ఆస్తిపన్నుకు కనీస రేటును రాష్ట్రం ప్రకటించాలి. పన్ను వసూలు ఏటేటా రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరిగే వేగానికి తగ్గకుండా పెరగాలి. వసూలు కుంటుపడితే ఆ ఊరికి గ్రాంటే వచ్చేది కాదు. మన ఊరి వంటి, పది లక్షలకు లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఆ గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే ముడిపెట్టారు. అంటే కాలువ తీయలేదని పన్ను ఆపితే, కాలువ తీయడానికి వచ్చే డబ్బే ఆగేది. మనం మన మీద అలిగినట్టు. పైగా బకాయి ఎక్కడికీ పోదు, ఇల్లు అమ్మబోయిన రోజున ఎదురుగా వచ్చి కూర్చుంటుంది.

పన్ను ఎక్కడికి పోతోందని అడగడం మాత్రం న్యాయమే. ఆడిట్ అయిన లెక్కలు ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టాలని అదే ఆర్థిక సంఘం అదే గ్రాంటుకు షరతు పెట్టింది. కాబట్టి పన్ను కట్టిన రసీదు జేబులో పెట్టుకుని లెక్క అడగండి. కట్టనివాడు అడిగితే, ముందు నీ బకాయి సంగతి చెప్పమంటారు.

చివరిది రెండు ఓట్ల సంగతి. ఇచ్ఛాపురం మనకు కూతవేటు దూరం. పుట్టిల్లు అవతల, ఉద్యోగం ఇవతల ఉన్న కుటుంబాలు మా వీధిలోనే అరడజను. ఓటు భాషను బట్టి రాదు, ఆస్తిని బట్టీ రాదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం "సాధారణంగా నివసించే చోటు" అంటుంది. ఒక ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని కూడా విడిగా రాసింది. రెండు జాబితాల్లో పేరు ఉండకూడదు. తెలిసి అబద్ధపు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు. పట్టణ ఎన్నికల వార్డు జాబితా శాసనసభ జాబితా ఆధారంగానే తయారవుతుంది, కాబట్టి ఈ తిరకాసు కార్పొరేషన్ ఎన్నికల్లోనూ వెంట వస్తుంది.

కొటియాను ఇందులోకి లాగడం అన్యాయం. ఒడిశాలోని కోరాపుట్ జిల్లాకూ ఆంధ్రలోని పార్వతీపురం మన్యం జిల్లాకూ (2022 వరకు విజయనగరం జిల్లా) మధ్య 21 ఊళ్ల మీద హద్దు ఎక్కడన్నది రెండు రాష్ట్రాల తగాదా. 1968లోనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టుకు వెళ్లింది. అక్కడివాళ్లు ఇల్లు కదలకుండానే రెండు రాష్ట్రాల జాబితాల్లో పడ్డారు, అది వాళ్ల తెలివి కాదు, వాళ్ల అవస్థ. బరంపురం ఏ రాష్ట్రంలో ఉందన్న అనుమానం ఎవరికీ లేదు.

ఇదంతా మేనల్లుడికి ఫోనులో చెప్పాను. వాడికి సోంపేటలో ఒక ఓటు, ఇక్కడ ఒక ఓటు ఉన్నాయని అప్పుడు బయటపడింది. "ఏది వదులుకోమంటావు మామయ్యా?" అన్నాడు. పొద్దున్నే చెత్తబండికి ఏ ఊళ్లో బకెట్టు అందిస్తున్నావురా అని అడిగాను. రెండో చోట పేరు తీసేయించుకోవడానికి ఫారం-7 అని ఒకటి ఉందని చెప్పి పెట్టేశాను. పాలబ్బాయి చేత ఇప్పించడానికి ఒక అర్జీ మాత్రం రాసి ఉంచాను, ముందు తెలుగులో, వెనుక ఇంగ్లీషులో, రెండు కాపీలు. రెండోది ముద్ర వేయించి నాకు చూపించాకే పాల లెక్క చూస్తానన్నాను.