రుసుము ప్రభుత్వానికి, పూచీ కొనేవాడికా?

ఆ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మా చెల్లెలి ఫ్లాటు రిజిస్ట్రేషన్. నేను సాక్షిని. కెమెరా ముందు కూర్చోబెట్టి అందరికీ ఫొటోలు తీశారు, వేలిముద్రలు వేయించుకున్నారు. తర్వాత అధికారి అమ్మే ఆయన్ని రెండే రెండు ప్రశ్నలు అడిగారు. "మీ ఇష్టప్రకారమే రాసిస్తున్నారా? డబ్బు ముట్టిందా?" ముట్టిందన్నారాయన. అంతే, పని అయిపోయింది. "ఈ ఇల్లు మీదేనా?" అన్న మాట ఆ గదిలో ఎవరి నోటా రాలేదు. మెట్లు దిగుతూ మా చెల్లి అడిగింది: "అన్నయ్యా, ఇక ఇల్లు నాదేగా?"

ఆ అధికారిని తప్పుపట్టడానికి లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఆయన్ని చూడమన్నది ఒక్కటే: దస్తావేజు రాసిచ్చింది ఆ మనిషేనా, రాసిచ్చానని ఒప్పుకుంటున్నాడా అని. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు నుంచి వచ్చిన కె. గోపి కేసులో సుప్రీంకోర్టు దీన్ని మరింత విప్పి చెప్పింది. అమ్మేవాడికి హక్కు ఉందో లేదో తేల్చడం సబ్ రిజిస్ట్రార్ పని కాదు, హక్కు లేదన్న కారణంతో రిజిస్ట్రేషన్ ఆపే అధికారమూ ఆయనకు లేదు. పాత దస్తావేజు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూపిస్తేనే రిజిస్టర్ చేస్తామని ఆ రాష్ట్రం పెట్టుకున్న నియమాన్ని కోర్టు కొట్టేసింది.

అంటే రిజిస్ట్రేషన్ జరిగిందంటే ఇద్దరి మధ్య ఒక కాగితం నడిచిందని ప్రభుత్వం రాసి పెట్టుకున్నట్టే తప్ప, ఇల్లు మనదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు కాదు. ఇల్లు కొనేవాళ్లను వేధించే ప్రశ్నలన్నీ ఈ ఒక్క లోటులోంచే పుడుతున్నాయి. ఈసీ ఎన్నేళ్లకు తీయించాలి? లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, ఎక్కడిదాకా చూడాలి? లాయరుకు చూపించాలా? పేపర్లో ప్రకటన వేయించాలా? వీటికి జవాబులు చెప్పే వీడియోలకు కొదవ లేదు. అవన్నీ కొనేవాడికి జాగ్రత్తలు నూరిపోసేవే. ఇంత జాగ్రత్త వాడొక్కడి నెత్తినే ఎందుకుందని అడిగేవాళ్లే కరువయ్యారు.

ఈసీ సంగతే చూడండి. "ఈసీ క్లియర్‌గా ఉంది" అనగానే సగం భయం పోతుంది మనకు. కానీ అందులో ఉండేది రిజిస్టరైన లావాదేవీల జాబితా మాత్రమే. రిజిస్టర్ చేయని వీలునామా అందులోకి రాదు. అన్నదమ్ములు పెద్దల సమక్షంలో నోటిమాటగా పంచుకున్న వాటా రాదు. కోర్టులో నడుస్తున్న దావా కనబడకపోవచ్చు. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం దావా నడుస్తుండగా కొన్నవాడు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే, నాకు తెలియదంటే కుదరదు. పోనీ ఎంత వెనక్కి చూడగలం? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో ఈసీ దొరికేది 1983 నుంచే. అంతకు ముందు తాతల నాటి సంగతి కావాలంటే పాత పుస్తకాలు తిరగేయించుకోవాలి.

"బ్యాంకు లోనిచ్చిందంటే టైటిల్ (యాజమాన్య హక్కు) క్లియర్ అయినట్టే" అన్నది ఇంకో ధైర్యం. బ్యాంకు లాయరు చూసింది బ్యాంకు కోసం. రేపు ఎవరో వారసుడొచ్చి ఇంట్లో తన వాటా కోర్టులో గెలుచుకున్నా, మనం సంతకం పెట్టిన అప్పు అలాగే ఉంటుంది. ఇల్లు పోయినవాడికీ ఈఎంఐ తప్పదు. మనం పెట్టుకున్న లాయరు ఇచ్చే అభిప్రాయం కూడా "నాకు చూపించిన పత్రాల మేరకు" అన్న మాటతోనే మొదలవుతుంది. చూపించనివాటికి ఆయన బాధ్యుడు కాడు.

జీపీఏ (యజమాని తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికార పత్రం) మీద కొంటే హక్కు రాదని 2011లో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ తీర్పు తేల్చేసింది కాబట్టి అందులోకి పోను. అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన కూడా ఇంటి మీద హక్కు రాదు, అది రేపు రిజిస్ట్రేషన్ చేయించమని అడిగే అవకాశం మాత్రమే. ఇవి చాలామందికి తెలిసినవే.

ఇక డబ్బు లెక్క. మన రెండు రాష్ట్రాల్లో పట్టణాల్లో ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు. 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాడి పన్ను కింద ధరలో ఒక శాతం టీడీఎస్‌గా ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పని కూడా కొనేవాడిదే. ఇంత తీసుకున్న ప్రభుత్వం కొన్న వస్తువు అసలైనదో కాదో తనకు తెలియదంటుంది. హక్కు తేలాలంటే సివిల్ కోర్టుకు పొమ్మంటుంది. ఆ కోర్టులో మనం ఎన్నేళ్లు తిరగాలో, అప్పటికి అమ్మినవాడి దగ్గర డబ్బు మిగిలి ఉంటుందో లేదో ఆలోచించుకోండి.

హక్కు పరిశీలించడం ప్రభుత్వానికి చేతకాని పనా? కానే కాదు. తన ఆస్తి విషయంలో రోజూ చేస్తూనే ఉంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ సెక్షన్ చేర్చుకుంది. ప్రభుత్వ భూములు, పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూముల సర్వే నంబర్లు నిషేధిత జాబితాలో పెట్టింది. ఆ నంబరుతో దస్తావేజు తీసుకెళితే రిజిస్ట్రేషన్ అక్కడే ఆగిపోతుంది. తన భూమిని ఇంకెవరో అమ్మకుండా కాపాడుకోవడానికి ప్రభుత్వానికి జాబితా ఉంది, కంప్యూటరుంది, ఆపే అధికారముంది. అదే మన ఇంటిని ఎవడో దొంగ దస్తావేజుతో అమ్మితే మాత్రం హక్కు చూడటం మా పని కాదంటారు. పొరపాటున ఒక రైతు పట్టా భూమి ఆ జాబితాకెక్కితే, తీయించుకోవడానికి కలెక్టరేట్ చుట్టూ తిరగాల్సింది కూడా ఆ రైతే. ప్రభుత్వ హక్కుకు ముందే కాపలా, పౌరుడి హక్కుకు పోయాక కోర్టు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ మొదలుపెట్టిన పద్ధతిలో ప్రభుత్వ రిజిస్టర్లో ఎవరి పేరుంటే ఇల్లు వాళ్లదే. వెనక్కి తవ్వే పని ఉండదు. రిజిస్టరు తప్పువల్ల ఎవరైనా నష్టపోతే అందుకోసం పెట్టిన నిధి నుంచి పరిహారం ఇస్తారు. లింకు డాక్యుమెంట్ల కట్టతో అక్కడ పని పడదు. మన దేశంలోనూ 2008 నుంచి భూరికార్డుల ఆధునికీకరణ పథకం ఆ గమ్యం పేరు చెప్పుకుంటూనే నడుస్తోంది. కంప్యూటర్లు వచ్చాయి, పూచీ రాలేదు.

"ఆంధ్రలో టైటిలింగ్ చట్టం తెస్తే ఏమైందో చూశాం కదా" అంటారు కొందరు. నిజమే, 2022లో అసెంబ్లీ ఆమోదించిన ఆ చట్టం మీద లాయర్లు, రైతులు రోడ్డెక్కారు, 2024 ఎన్నికల్లో అదే పెద్ద రగడైంది, కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే రద్దు చేసింది. ఆ భయం అర్థమున్న భయమే. హక్కు ఎవరిదో తేల్చే అధికారాన్ని అధికారుల చేతిలో పెట్టి, సివిల్ కోర్టు తలుపు మూస్తే జనం ఎలా ఒప్పుకుంటారు? కానీ జనం కాదన్నది పెత్తనాన్ని. పూచీని ఎవరూ కాదనలేదు. కోర్టు తలుపు తెరిచే ఉంచి, తప్పు జరిగితే పరిహారం మా బాధ్యత అని ప్రభుత్వం ముందు నిధి పెట్టి చూపిస్తే అప్పుడు మాట్లాడదాం.

కేంద్రం 2016లో బిల్డర్లను అదుపు చేయడానికి తెచ్చిన రెరా చట్టంలో కొంత దారి వేసింది. స్థలం హక్కులో లోపముండి కొన్నవాడు నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి, దానికి కాలపరిమితి అడ్డం రాదు అని 18వ సెక్షన్ చెబుతోంది. టైటిల్‌కు బీమా చేయించమని 16వ సెక్షన్ చెబుతోంది, అదీ ప్రభుత్వం నోటిఫై చేస్తేనే. బిల్డరుకే ఇంత బాధ్యత పెట్టినవాళ్లు తమకు ఏమీ పెట్టుకోలేదు. పైగా ఇది కొత్త ప్రాజెక్టులకే. మా చెల్లి కొన్నట్టు పాత ఫ్లాటు చేతులు మారితే రెరాకు సంబంధం లేదు.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. ఇదంతా ఏ భాషలో జరుగుతోంది? నగరాల్లో ఫ్లాటు అమ్మకాల్లో అగ్రిమెంటు, సేల్ డీడ్ చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటున్నాయి. రిజిస్ట్రేషన్ చట్టం 19వ సెక్షన్ చదవండి. దస్తావేజు భాష రిజిస్టర్ చేసే అధికారికి రాకపోయి, ఆ జిల్లాలో వాడుకలో కూడా లేకపోతే, అనువాదం జత చేయకుండా ఆయన దాన్ని తీసుకోకూడదు. అధికారికి అర్థం కావాలని 1908లోనే తలిచారు. జీవితకాలం పొదుపు పెట్టి కొనేవాడికి అర్థం కావాలన్న ఊసు ఆ సెక్షన్లో లేదు. 1966లో తెలుగును అధికార భాషగా చట్టం చేసుకున్నవాళ్లం, ఇంటి కాగితం తెలుగులో ఉండాలని ఇన్నేళ్లలో పట్టుబట్టలేకపోయాం. దస్తావేజు ఏ భాషలో రాసుకున్నా పక్కనే తెలుగు పాఠం ఉండాలి, కొనేవాళ్లకు అది చదివి వినిపించామని అధికారి రాయాలి. దీనికి నిధులూ అక్కర్లేదు, సర్వేలూ అక్కర్లేదు.

ఆ సాయంత్రం మా చెల్లి డీడ్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. ప్రతి పేజీ అడుగునా తన సంతకం. ఒక పేజీలో మధ్యన ఒక వాక్యం కనబడితే తెలుగులో చెప్పాను: అమ్మేవారి హక్కు పత్రాలన్నింటినీ కొనుగోలుదారు స్వయంగా పరిశీలించి, పూర్తిగా సంతృప్తి చెందారు.

"ఈ మాట నేనెప్పుడు అన్నానన్నయ్యా?" అంది.