రెండో నల్గొండ టెక్నిక్

ప్రపంచంలో నల్గొండ పేరు మీద ఒక శాస్త్రీయ పద్ధతి ఉందన్న సంగతి నల్గొండలోనే చాలామందికి తెలియదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో తయారుచేసిన పద్ధతి అది. పేరు ‘నల్గొండ టెక్నిక్’. టాంజానియా దాకా వెళ్లింది. ఖర్చు తక్కువ, పని సులువు. బకెట్ నీళ్లలో కొలత ప్రకారం పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడర్ వేసి కలపాలి. తర్వాత కదపకుండా వదిలేయాలి. మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంచుకుని తాగొచ్చు. అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నదే తలనొప్పి.

మా జిల్లా చేసిన రెండో ఆవిష్కరణకు ఇంతవరకు గుర్తింపు రాలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం. దీన్ని కనిపెట్టింది శాస్త్రవేత్తలు కాదు, డిగ్రీ కాలేజీల్లో చదువుకుంటూ సాయంత్రాలు ప్రార్థనకు కూడుకునే క్రైస్తవ విద్యార్థులు. ఎంతటి చిక్కు ప్రశ్ననైనా తీసుకోండి. అందులో ‘ప్రార్థన చేసి చెప్తా అన్నా’ అనే నాలుగు మాటలు వేసి కలపండి. కదపకుండా వదిలేయండి. అసలు జవాబు నెమ్మదిగా అడుగుకు దిగిపోతుంది. పైన తేరేది సమాధానం (మా భాషలో మనశ్శాంతి), సంతోషం, సహవాసం. పటిక ఖర్చు కూడా లేదు.

ఈ పద్ధతిలో నాకు ఆరేళ్ల అనుభవం ఉంది. మూడేళ్లు విద్యార్థిగా నేర్చుకున్నాను, మూడేళ్లు జూనియర్లకు ‘అన్న’ హోదాలో నేర్పించాను. కాబట్టి నా మాటకు కాస్త విలువ ఇవ్వగలరు.

మా కూడిక శనివారం సాయంత్రం, ఒక జిరాక్స్ షాపు మీద అద్దె గదిలో. రెండు చాపలు, ఒక ట్యూబ్‌లైటు, గోడకు వాక్యం క్యాలెండరు, ఐదు తీగల గిటారు. గిటారుకు ఆరు తీగలుండాలని మాకూ తెలుసు. ఆ ఆరో తీగ కోసం రెండేళ్లు ప్రేయర్ పాయింట్ పెట్టాం, అంటే ప్రార్థించాల్సిన విషయంగా నోట్‌బుక్‌లో రాసుకున్నాం. తీగ అప్పట్లో ముప్పై రూపాయలు. గదిలో పద్నాలుగు మందిమి ఉండేవాళ్లం. తలా రెండున్నర రూపాయలు వేసుకుంటే పనైపోయేదని ఇప్పుడు లెక్క వేస్తే తెలుస్తోంది గానీ, అప్పుడు లెక్కలు మా విశ్వాసానికి అడ్డం వచ్చేవి. నేనే బీకాం.

మా ప్రాంతంలో ఈ విశ్వాసానికి పెద్ద చరిత్రే ఉంది. 1889లో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్, మరియ అనే మెన్నోనైట్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) దంపతులు తెలుగువాళ్ల మధ్యకు బయలుదేరారు. వచ్చి నల్గొండలో స్థిరపడ్డారు. ఆ తర్వాత అమెరికా మెన్నోనైట్లు నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, పాలమూరు, జడ్చర్ల వైపు మిషన్లు నడిపారు. ఫ్రీసెన్ గారు కూడా రష్యాలో మోకాళ్ల మీద ప్రార్థన చేసే ఉంటారు. మాకూ ఆయనకూ ఒక్కటే తేడా. ప్రార్థన అయిపోయాక ఆయన లేచి సామాను సర్దుకున్నాడు.

మేము సర్దాల్సి వచ్చింది కుర్చీలు మాత్రమే. దసరా సెలవుల్లో క్యాంపు. ‘మర్రిగూడ నుంచి కుర్చీలు ఎవరు తెస్తారు?’ అని లీడర్ అన్న అడిగితే గదిలో పద్నాలుగు తలలు ఒకేసారి వంగేవి. భక్తి కాదు అది, కుర్చీలు. ‘ప్రార్థన చేసి చెప్తా అన్నా’ అని ఒకడు మొదలుపెడితే ఆ మాట చాప చివరి దాకా పాకేది. క్యాంపు తేదీ నాటికి కుర్చీలు రాలేదు. ‘నేల మీద కూర్చోవడమే అపొస్తలుల పద్ధతి’ అని ఆ సాయంత్రం మంచి సందేశం వచ్చింది. ఇదీ మా టెక్నిక్ గొప్పదనం. వైఫల్యం కూడా తేరుకుని సందేశం అవుతుంది.

హాస్టల్ భోజనానికి కూడా ఇదే సూత్రం. బైబిల్లో దానియేలు బబులోనులో రాజు భోజనం వద్దని పది రోజులు కూరగాయలతో, నీళ్లతో గడిపాడు. మా హాస్టల్ పిల్లలు మూడేళ్లు గడిపారు, రాజు భోజనం ఎవరూ చూపించకుండానే. ముఖాలు కళకళలాడలేదు గానీ సాక్ష్యానికి సరిపోయింది.

ఇక పెళ్లి. మా పద్ధతి పరాకాష్ఠకు చేరింది ఇక్కడే. ఫెలోషిప్‌లో, అంటే మా విద్యార్థుల కూడికలో, ప్రేమ ఉండదు, ‘నడిపింపు’ ఉంటుంది, అంటే దేవుడే దారి చూపిస్తాడు. బయటి కుర్రాడు ఒక అమ్మాయిని ఇష్టపడితే కాలేజీ గేటు దగ్గర నిలబడతాడు. మావాడు ఇష్టపడితే ఉపవాసం ఉంటాడు. మా సీనియర్ అన్న ఒకాయనకు బీఎస్సీ అక్క ఒకామె మీద ఇలాంటి నడిపింపు కలిగింది. నేరుగా వెళ్లి అడగొచ్చు. అడిగితే ఆమె కాదనొచ్చు. దేవుణ్ణి అడగడంలో ఆ రిస్కు లేదు.

బైబిల్లో గిద్యోను కథ మీకు తెలిసే ఉంటుంది. దేవుని చిత్తం తెలుసుకోవడానికి కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి, ఒక రాత్రి బొచ్చు మాత్రమే తడవాలన్నాడు. మర్నాటి రాత్రి నేల తడిసి బొచ్చు పొడిగా ఉండాలన్నాడు. రెండు రాత్రుల్లో తేల్చుకుని యుద్ధానికి పోయాడు. మా అన్న గొర్రెబొచ్చుకు బదులు దేవరకొండ బస్సును ఎంచుకున్నాడు. ఇంటికో గొంగడి ఉండే జిల్లాలో బొచ్చు దొరకలేదా అని మీరు అడగొచ్చు. మాకు అప్పుడు తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం ఊరికి పోయేటప్పుడు కిటికీ సీటు దొరికితే దేవుని చిత్తం. దొరికింది. ఆ రోజు బస్సే ఖాళీగా ఉంది, అది లెక్కలోకి రాదన్నాడు. పై వారం రద్దీ బస్సులో దొరకాలన్నాడు. దొరికింది, ఎండ పడే వైపు. అది అవునో కాదో తేల్చడానికి మా ముగ్గురిని పిలిచి ఒక పూట చర్చ పెట్టాడు. నేను ‘పడమటి ఎండ అంటే కొంచెం శ్రమ ఉంటది గానీ అవునే అన్నా’ అని వ్యాఖ్యానం కూడా చెప్పాను. ఇలా సెమిస్టర్ మొత్తం అన్న దేవరకొండకు తిరిగాడు. వాళ్లమ్మ చాలా సంతోషించింది. పరీక్షలు అయ్యేసరికి అక్కకు మిర్యాలగూడ సంబంధం ఖాయమైంది.

ఆ శనివారం అన్న లేచి సాక్ష్యం చెప్పాడు. ‘ప్రభువు తలుపు మూశాడు.’ అందరం ఆమెన్ అన్నాం. తలుపు తట్టిందెవరు అని ఒక్కరమూ అడగలేదు. పెళ్లికి పోయి బగారన్నం తిని వచ్చాం. చాలా ఏళ్ల తర్వాత గడియారం సెంటర్ దగ్గర పండ్ల బండి ముందు ఆ అక్క కలిసి, ఈ కథ విని పడీపడీ నవ్వింది. ‘ఒక్క మాట అడుగుతే అయిపోయేదిగా’ అన్నది. అడిగితే ఏం చెప్పేదో మాత్రం చెప్పలేదు. బత్తాయిలు బేరం చేసుకుంటూ ఉండిపోయింది.

క్రీస్తులో కులం లేదని మేము పాడే పాటలు చాలా ఉన్నాయి. ఐదు తీగలతోనే అయినా గట్టిగా పాడేవాళ్లం. పెళ్లి మాట వచ్చేసరికి విశ్వాసి అయితే చాలన్నవాళ్లే, ‘అది సరే, మనోళ్లేనా?’ అని చెవిలో అడిగేవాళ్లు. అప్పుడు టెక్నిక్ మోతాదు పెంచాలి. ‘అమ్మా నాన్నలు ప్రార్థన చేస్తున్నారు.’ ఇది డబుల్ డోసు. దీని తర్వాత ఏ సంబంధమూ తేలినట్టు నాకు గుర్తు లేదు.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను. ఈ ఒక్కటి నవ్వుతూ రాయలేను, అయినా రాయాలి.

మక్తల్ వైపు నుంచి వచ్చి నల్గొండలో చదివిన తమ్ముడు ఒకడు ఉండేవాడు. అమ్మా నాన్న పుణెలో బిల్డింగు పనికి పోయేవాళ్లు. పాలమూరు లేబర్ అంటే ఎవరో వాణ్ణి చూసే నాకు తెలిసింది. గుంపులో పెద్ద గొంతుతో ప్రార్థన చేసేవాడు కాదు. తెల్లవారుజామున హాస్టల్ మేడ మీద ఒక్కడే కూర్చుని, దిగివచ్చి అందరి కంటే ముందు డ్రమ్ములో నీళ్లు నింపేవాడు. ఒక రోజు స్కాలర్‌షిప్ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ‘అన్నా, మతం గడిలో ఏం రాయాలె?’

చిన్న ప్రశ్నే. దాని వెనక మాత్రం ఒక చట్టం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను బీసీ-సీలో పెట్టారు. ఎస్సీలకు పదిహేను శాతం రిజర్వేషన్, బీసీ-సీకి ఒక్క శాతం. ఊళ్లో వాడి వాడను ఎవరూ బీసీ వాడ అని పిలవరు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు పెట్టుకుని బతుకుతున్న ఇళ్లు మా సంఘాల్లో ఎన్ని ఉన్నాయో పాస్టర్లకు కూడా తెలుసు. ఎవరూ పైకి అనరు.

నేను అన్నను కాబట్టి జవాబు చెప్పాలి. నిజం రాయి, నష్టపోతావు అనాలి. లేదా నష్టపోవద్దు, ఎట్లుందో అట్లే రాయి అనాలి. నాకు తెలియదురా, పద ఇద్దరం ఒక వకీలును అడుగుదాం అనొచ్చు. అది అన్నిటికంటే సులువు. నేను వాడి భుజం మీద చెయ్యి వేసి, ‘ప్రార్థన చెయ్యి తమ్మీ’ అన్నాను. గడువు శుక్రవారంతో అయిపోతుంది. వాడు బుధవారం వచ్చాడు.

ఏం రాశాడో నేను అడగలేదు, వాడు చెప్పలేదు. డ్రమ్ములో నీళ్లు నింపడం మానలేదు. శనివారాలు రావడం మాత్రం తగ్గించాడు. ‘ఆ తమ్ముడు ఆత్మీయంగా చల్లబడ్డాడు’ అని మేము ప్రేయర్ పాయింట్ రాసుకున్నాం. రాసింది నా చేతిరాతే. ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది.

మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్టు ఉండాలని ఉంది. ఆ అధ్యాయాన్ని మేము మూడుసార్లు బైబిల్ స్టడీ చేశాం. మూడోసారి లీడర్ అన్న ‘ఈ వచనాన్ని మన జీవితానికి ఎట్ల అన్వయించుకుందాం?’ అని అడిగితే, ఎవరన్నారో గుర్తు లేదు గానీ, ప్రార్థన చేసి వచ్చే వారం చెప్తామన్నారు.

ఇన్నేళ్లలో మా టెక్నిక్ పనిచేయని మనిషిని ఒక్కదాన్నే చూశాను. కూడిక జరిగే వీధిలోనే ఇల్లు, ఇంటర్ అయిపోయి డిగ్రీలో చేరిన చెల్లె. ఆ నెల రాత్రంతా ప్రార్థన పెట్టాం. లీడర్ అన్న చాలా మృదువుగా, ‘చెల్లె, అమ్మను తీసుకుని నువ్వూ వస్తవా?’ అని అడిగాడు. అందరం ఆ నాలుగు మాటల కోసం ఎదురుచూస్తున్నాం.

‘రాను అన్నా. నాకు నిద్రొస్తది.’

గదిలో ఎవరూ కదల్లేదు. నేను చాప మీద ఊడిన ఈనెను చూస్తూ ఉండిపోయాను. ‘కాదు’ అనే మాటను ఆ గదిలో అంత మామూలుగా నేను ఎప్పుడూ వినలేదు. ఆమె చెప్పులు వేసుకుని వెళ్లాక, పద్ధతి ప్రకారం ఆమె పేరు నోట్‌బుక్‌లోకి ఎక్కింది.

రాత్రి పది గంటలకు మొదలుపెట్టాం. పన్నెండు దాకా బాగానే సాగింది. అపొస్తలుల కార్యాల్లో ఐతుకు అనే కుర్రాడు ఉంటాడు. పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చుని కునికి మూడో అంతస్తు నుంచి పడతాడు. బైబిల్లో నాకు బాగా దగ్గరైన మనిషి వాడే. మాది మొదటి అంతస్తు, కిటికీకి ఊచలు ఉన్నాయి. లేకపోతే ఆ రాత్రి కింద జిరాక్స్ షాపు ముందు నలుగురైదుగురు ఐతుకులు పడి ఉండేవాళ్లు. రెండు గంటలకు లీడర్ అన్న మోకాళ్ల మీదే, నుదురు నేలకు ఆనించి గురక పెడుతున్నాడు. దూరం నుంచి చూస్తే గొప్ప భారంతో ప్రార్థిస్తున్నట్టే ఉంది.

ఆరు గంటలకు ఎవరో తలుపు కొట్టారు. లేచి చూస్తే చెల్లె. తలకు నూనె పెట్టి జడ వేసుకుంది, హాయిగా నిద్రపోయిన ముఖం. ఒక చేతిలో ఫ్లాస్కు, ఒక చేతిలో స్టీలు గ్లాసుల దొంతర. ‘అమ్మ పంపింది’ అంటూ గ్లాసులు వరసగా పెట్టి టీ పోసింది. పద్నాలుగు మందిమి చాప గీతలు పడిన ముఖాలతో చుట్టూ కూర్చున్నాం. లీడర్ అన్న కళ్లు నులుముకుని, ‘కృతజ్ఞతగా ఒక్క మాట ప్రార్థన చేసుకుందాం’ అని మొదలుపెట్టాడు. ఫ్లాస్కు ఇచ్చిన తల్లి, ఆ కుటుంబం, ఈ పట్టణం, కాలేజీలు, అధికారులు, పాలకులు. నల్గొండ దాటి పాలమూరు మీదుగా దేశం మీదికి పోతున్నాడు.

‘అన్నా, టీ సల్లారుతుంది’ అన్నది చెల్లె.

ఆమెన్ అన్నాం.