నాలుగు వేళ్ల సందు గారికి

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.

మా కారు టైరుకీ, దాని మీద గొడుగులా ఉండే రేకుకీ, అదే ఫెండరుకీ మధ్య కాపురముంటున్న సందు గారికి,

ఉభయకుశలోపరి. తమరిని కొలవడానికి నేను టేపు వాడను, చెయ్యి అడ్డంగా దూరుస్తాను. చూపుడు వేలు నుంచి చిటికెన వేలు దాకా నాలుగూ పట్టి, ఇంకా కాస్త గాలాడుతుంది. బండి కొన్న మొదటి ఏడాది తమరున్న సంగతే నాకు తెలీదు. ఒకరోజు సిరిపురం సిగ్నల్లో పక్కన ఇంకో కారు ఆగింది. మాదాంటి కారే, మా రంగే. దాని టైరు ఫెండరు లోపలికి వెళ్లి ఒద్దికగా కూచుంది, మధ్యలో కాగితమ్ముక్క కూడా పట్టదు. దాని పక్కన మా బండి, పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి వాన నీళ్లలో దిగబోయే మనిషిలా ఉంది. ఆ పూట నుంచి మా బండిలో తమరు తప్ప నాకింకేమీ కనబడ్డం మానేసింది.

తమరిని సాగనంపడానికి మార్గాలు రెండు. మూడోది మా స్నేహితుడొకడు చెప్పేడు: "గ్రైండరుతో స్ప్రింగు రెండు చుట్లు కోయించీ, పనైపోద్ది." అలా కోసిన స్ప్రింగు, చక్రం గోతిలో వేలాడినప్పుడు కుదురులోంచి జారిపోవచ్చు. వాడి కారు నేనెక్కను, అంతవరకే చెప్పగలను.

మిగిలినవి కాయిలోవర్లు, ఎయిర్ సస్పెన్షన్. నాలుగు నెలల పాటు రోజూ అన్నం తిన్నాక ఇదే చదువు. ఎంసెట్‌కి ఇందులో సగం చదివుంటే ఈ ఉత్తరం ఏ విదేశం నుంచో రాసేవాణ్ణి.

కాయిలోవరు సంగతి తేలికే. షాకు, అంటే కుదుపులు మింగే షాక్ అబ్జార్బరు, దాని ఒంటికి బోల్టుకున్నట్టు త్రెడ్డు కోసి ఉంటుంది, ఆ త్రెడ్డు మీద స్ప్రింగుని మోసే కాలరు, నట్టులాంటిది, ఉంటుంది. స్పానరుతో కాలరుని కిందికి దింపితే బండి దిగుతుంది, పైకెక్కిస్తే లేస్తుంది. కరెంటక్కర్లేదు, గాలక్కర్లేదు. కాకపోతే స్ప్రింగు గట్టిది. రోడ్డు మీద చిల్లర నాణెం పడున్నా బొమ్మా బొరుసా నడుముకి తెలుస్తుంది. గోపాలపట్నంలో మా మెకానిక్ బాబాయిని అడిగేను.

"దించీమంటారేటి? దించీస్తాను. మరి మీ ఇల్లు సముద్రం పక్కన. ఉప్పుగాలీ బురదా చేరి ఆ త్రెడ్డు పట్టీసిందనుకోండి, కాలరు తిప్పడానికి నాను చాలను బాబూ, అప్పన్న దిగి రావాల."

ఇంకో మాట కూడా చెప్పేడు. మా బండికి ముందు మాత్రమే స్ప్రింగూ షాకూ ఒకే స్తంభం. వెనక స్ప్రింగు వేరు, షాకు వేరు, వేరింటి కాపురాలు. నాలుగు కాయిలోవర్లని అట్టపెట్టె మీద రాసున్నా, వెనక వచ్చేవి రెండు స్ప్రింగులూ రెండు షాకులూనే. దించాక చక్రాల అలైన్‌మెంటు చూపించకపోతే టైరు లోపలంచు మాత్రమే అరిగిపోతుందట. బయటి నుంచి చూసి బావుందని మురిసిపోతూ ఉంటామట.

ఎయిర్ సస్పెన్షన్ మాటకొస్తే, మనసు లాగింది అటే. స్ప్రింగుల చోట రబ్బరు తిత్తులు, డిక్కీలో కంప్రెసరు, గాలి ట్యాంకు, వాల్వులు, అక్కణ్ణుంచి నాలుగు చక్రాలకీ పైపులు. ఆగినప్పుడు బటను నొక్కితే బండి నేలకి దణ్ణం పెడుతుంది. స్పీడ్‌బ్రేకరొస్తే ఇంకో బటను, లేస్తుంది. అంటే తమరు మా ఇంట్లో అల్లుడిలా కాకుండా అద్దెకున్నవాడిలా ఉంటారు, రమ్మంటే రావాలి, పొమ్మంటే పోవాలి. అయిదుగురు ఎక్కి వెనక కుంగినా, కాస్త గాలెక్కిస్తే బండి మళ్లీ సమంగా నిలబడుతుంది. ఇది నిజంగా గొప్ప సుఖమే, కాదనను. ఆర్టీసీ కాంప్లెక్సులో గరుడ బస్సు ఆగి, ఉస్సూరుమన్నప్పుడల్లా నాకు అసూయే.

ఆ మోజులోనే ఒక ఆదివారం మావాణ్ణి కుర్సురా చూపించడానికి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లేను. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, 2002లో మ్యూజియమై ఇసకలో కూచున్న జలాంతర్గామి. ట్యాంకుల్లో నీళ్లు నింపితే మునగడం, ఒత్తిడి గాలి కొట్టి నీళ్లు తోసేస్తే తేలడం. సరిగ్గా నేను కొనబోయే సరుకే! లోపల నడుస్తుంటే తలకి గొట్టం, భుజానికి వాల్వు, మోచేతికి మీటరు తగులుతున్నాయి. వీటిని కనిపెట్టుకుని డెబ్భై మందికి పైగా ఉండేవారట. మా బండికి నేనొక్కణ్ణే. అది కూడా ఆదివారాలే.

తర్వాత లెక్కలు వేసుకున్నాను. కంప్రెసరూ ట్యాంకూ డిక్కీలో కూచుంటే స్టెప్నీ ఎక్కడ? పైపు జాయింటు దగ్గర సన్నగా లీకైతే పొద్దున్నే బండి సెల్లారులో బొక్కబోర్లా పడుంటుంది. ఆఫీసుకెళ్లే బట్టల్లో సబ్బునురగ పట్టుకుని బుడగలెక్కడొస్తున్నాయో వెతకాలి. పైగా ఇది విశాఖ. మే నెల్లో మనుషులే కారిపోతారు. ఆ తేమగాలిని నొక్కి నింపితే ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, వాటిని ఎప్పటికప్పుడు దింపుతూ ఉండాలి. 1957లో అమెరికాలో కాడిలాక్ ఎల్డొరాడో బ్రౌమ్ గాలి తిత్తుల మీదే వచ్చింది. అంత ఖరీదైన బండి కొన్నవాళ్లలోనూ చాలామంది తర్వాత మామూలు స్ప్రింగులు వేయించుకున్నారు. ఇక కొటేషన్లు. కాయిలోవర్లది చూసి మా ఆవిడ మొహం ముడుచుకుంది. ఎయిర్‌ది చూసి నవ్వింది. ఆ నవ్వుతో ఎయిర్ అధ్యాయం ముగిసింది.

(చట్టం సంగతి కూడా తమరి చెవిన వేస్తాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చొద్దంటుంది. 2019 సవరణ వచ్చాక అనుమతి లేని మార్పు ఒక్కోదానికీ జరిమానా 5,000, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇది మా ఆవిడకి చెప్పలేదు.)

కాయిలోవర్లు బిగించారు. తమరిని రెండు వేళ్లకి తెచ్చాను. ఫొటోలో బండి అదిరింది. ఫొటో దిగి సందు చివరికెళ్లేసరికి, అదే, మా వీధి సందు, అక్కడి స్పీడ్‌బ్రేకరు బండి కడుపు కింది ఇంజనాయిలు చాంబరుని గీరింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో వేసిన లెక్కలో స్పీడ్‌బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, గుండ్రటి వీపు. అలా కడితే ముందు చక్రాలూ వెనక చక్రాలూ రెండూ దాని వీపు మీదే ఉంటాయి గనక, మా బండి కడుపు కింద లేచేది నాలుగున్నర సెంటీమీటర్లే. దించిన బండి కూడా దాటేస్తుంది. మా సందులోది మాత్రం ఏదో అపార్టుమెంటు శ్లాబుకి మిగిలిన కాంక్రీటు. ఎత్తు జానెడు, వెడల్పు మూరెడు. తెల్ల చారలు కూడా లేవు, దాని మీద ఒక కుక్క పడుకుని ఉంటుంది కాబట్టి గుర్తు పడతాం.

దాన్నయినా ఐమూలగా ఎక్కించి నెట్టుకొచ్చేవాణ్ణి. సింహాచలం ఘాట్ రోడ్డు దగ్గర దొరికిపోయాను. బండిలో అయిదుగురం. అమ్మ మోకాళ్లు పట్టుకుని, "ఏట్రా, కారా పీటా?" అంటూ దిగబడి కూచుంది. మలుపు తిరిగినప్పుడల్లా ముందు నుంచి గర్‌ర్‌ర్‌మని చప్పుడు, కాలిన రబ్బరు కంపు. కొండ మీద ఆపి టార్చి వేసి చూస్తే, ఫెండరు లోపలి ప్లాస్టిక్కు మీద అరచెయ్యంత మేర నున్నగా, నల్లగా, అద్దంలా మెరుస్తోంది. చక్రం పైకి లేచి వెళ్లాల్సిన చోటు అది. అంటే తమరు. ఇన్నాళ్లూ ఖాళీగా కూచున్నారనుకున్నాను, తమరు డ్యూటీలో ఉన్నారు.

మర్నాడే బాబాయి దగ్గరికెళ్లేను. కాలరు ఇంకా పట్టలేదు, అప్పన్న దయ. పైకి తిప్పించి, మళ్లీ అలైన్‌మెంటు డబ్బులిచ్చి, మళ్లీ చెయ్యి దూర్చి చూసుకున్నాను. మూడు వేళ్లు.

సాయంత్రం మా ఆవిడ సెల్లారులోకొచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఇంత డబ్బూ పోసి ఏం తగ్గించారు?"

చిటికెన వేలు చూపించాను.

"ముందు వెళ్లిరండి, తర్వాత మాట్లాడదాం" అంది.

ఇట్లు,
తమ ఇంటి ఓనరు